జ్వరానికి కూర్చున్న ఆకు

పట్టుపురుగులు పెంచే ఇళ్లలో జ్వరం అంటే రోగం కాదు. పొర విడిచే ముందు పురుగు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. జ్వరానికి కూర్చుంది అంటాం. ఆ వేళ ఆకు వెయ్యకూడదు, తట్ట కదిలించకూడదు. పైన పలచగా సున్నప్పొడి చల్లి, తలుపు దగ్గరికి వేసి వచ్చెయ్యాలి. అది లేచాక మళ్లీ మేత. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. ఎవరికీ తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనుకుంటాను.

పెనుకొండకు దగ్గర్లో మా పుట్టిల్లు. నాయన పోయాక కూడా అమ్మ పురుగులు మేపి, అవి కట్టిన పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు వేసుకుపోయేది. ఆమె చేతి పంట ఏనాడూ పాడుకాలేదని మార్కెట్టులో చెప్పుకునేవాళ్లు. తర్వాత బోరు ఎండిపోయింది. పక్కన ఇంకోటి వేయిస్తే దుమ్ము లేచింది. మల్బరీ తోట కట్టెపుల్లలైంది. పురుగుల్లేని షెడ్డును అమ్మ రోజూ ఊడ్చి, తాళం వేసి, వాకిట్లో కూర్చునేది. అంతకు ముందు ఆమె ఊరికే కూర్చోవడం నేను చూడలేదు. చూడలేకపోయాను.

మా ఆయన ధర్మవరంలో మగ్గం నేస్తాడు. పెళ్లికి ముందు నేను బెంగళూరు దగ్గర ఒక ఫారంలో పనిచేశాను. మట్టి లేకుండా, ఎండ లేకుండా, గదిలోపల దీపాల కింద ఆకుకూరలు పండించే చోటు అది. గొట్టాల్లో ఎరువు మందు కలిపిన నీళ్లు తిరుగుతుంటే వేర్లు అందులోనే తాగుతాయి. వాడిన నీళ్లే మళ్లీ వాడతారు కాబట్టి ట్యాంకరు నీళ్లతోనైనా నడుస్తుంది. అమ్మ షెడ్డులో అదే పెడదామన్నాను. ఈ ఒక్కటి నిలబడితే అమ్మకు పని ఉంటుంది, నిలబడకపోతే ధర్మవరం వచ్చి మా మగ్గం పక్కన గోడకు ఆనుకుని కూర్చోవాల్సిందే. ఈ మాట మేమిద్దరం పైకి అనుకోలేదు గానీ ఇద్దరికీ తెలుసు.

నేను పుట్టింట్లోనే ఉండి గొట్టాలు, దీపాలు, ఏసీ పెట్టించాను. ఊరంతా చూడ్డానికి వచ్చింది. "ఏమక్కా, ఆకులకు ఏసీ పెట్టినారంట! మాకు తిరిగే ఫ్యానే లేదే ఇంట్లో," అని ఒకాయన ఎగతాళి. మేం వేసిన లెట్యూస్, పట్నాల్లో పచ్చిగా తినే ఆకు, ఒకటి నమిలి, "గడ్డి మాదిరి ఉండాది. దీన్ని దుడ్లిచ్చి తింటారా?" అని ఇంకొకాయన. అమ్మకు మాత్రం ఆ పని వెంటనే పట్టుబడింది. చెప్పులు బయట విడవడం, చేతులు కడుక్కోవడం, గది వేడెక్కకుండా చూసుకోవడం, ఇవన్నీ పురుగులప్పుడు చేసినవే. నారును స్పాంజి ముక్కతో సహా గొట్టాల్లోకి మార్చిన రోజు మొక్కలు తల వేలాడేసి, మర్నాటికి అవే తేరుకునేవి. అమ్మ నవ్వి, "మొదటి జ్వరం," అంది. ఆ మాట మా ఇద్దరికీ అలవాటైపోయింది. జ్వరం లేచిందా అని నేను అడిగేదాన్ని, లేచింది పాపా అని అమ్మ చెప్పేది. ఆ నెలల్లో అమ్మ మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది.

మొదట పంపిన ఆకు చేదెక్కిందని బెంగళూరులో కొనే మనిషి వెనక్కి పంపాడు. గదిలో వేడి ఎక్కువైంది. ఇంకొక్కసారి చూస్తాను, ఆ తర్వాత కుదరదు అన్నాడు. ఆ ఇంకొక్కసారి పంట నిజంగానే బాగా వచ్చింది. మర్నాడు తెల్లారి కోత. నేను థర్మకోల్ పెట్టెల కోసం హిందూపురం పోయాను.

మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీ పంపుకు మాత్రమే సరిపోతుంది. ఏసీ ఆగి, గది ఉడికిపోయి, ఆకంతా వాలిపోయింది. కాసేపటికి కరెంటు వచ్చింది. పంపు నడుస్తూనే ఉంది కాబట్టి వదిలేస్తే సాయంత్రానికి ఆకు తేరుకునేదే. అమ్మ నాకు ఫోన్ చెయ్యలేదు. తనకు బాగా తెలిసిన విషయానికి ఫోన్ ఎందుకు?

చీకటి పడ్డాక నేను వచ్చేసరికి అమ్మ షెడ్డు గడపలో నిలబడి ఉంది. పెదాల మీద వేలు పెట్టింది.

"మెల్లగా రా పాపా. అన్నీ ఒకేసారి జ్వరానికి కూసున్నాయి. పొద్దునకు లేస్తాయిలే."

లోపల చల్లగా ఉంది. నీళ్ల చప్పుడు లేదు. మేత ఆపాలని పంపు ఆపేసింది. ఆకుల మీద సన్నగా, సమానంగా సున్నం చల్లి ఉంది. ఎంత ఒద్దికగా చల్లిందో! పరుగెత్తి పంపు వేశాను. ఒక మొక్కను పైకి లాగి చూస్తే వేరు గోధుమరంగు పీచై ఉంది.

అమ్మ నా మొహమే చూస్తోంది. "నీళ్లిడిస్తే లేయవా?"

"వేర్లు ఎండిపోయినాయమ్మా."

"పురుగులైతే లేస్తాయే," అంది. చేతికంటిన సున్నం కొంగుకు తుడుచుకుని, "తిట్టు పాపా," అంది.

ఏమని తిట్టను? నాకు కోపం తక్కువేం కాదు. కరెంటును తిట్టాను, ఎండను తిట్టాను, నీళ్లు లేని ఆ భూమిని తిట్టాను. ఆమెను అనడానికి నోరు రాలేదు. బిడ్డకు జ్వరమొస్తే చూసుకున్నట్టు చూసుకుంది. అట్లా చూసుకున్నందుకే మొత్తం పోయింది. దీనికి న్యాయం యాడ వెతకాలో నాకు ఈనాటికీ తెలియదు. బెంగళూరు మనిషి ఫోన్లో మర్యాదగానే మాట్లాడాడు. అంత మర్యాదగా మాట్లాడేవాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తరు. ఎత్తలేదు.

గొట్టాలు విప్పేశాం. అమ్మ ధర్మవరం వచ్చేసింది. ఇక్కడ ఇల్లంతా మగ్గమే, మిగిలిన చోట మేము. పనేదైనా ఇద్దామని చూశాను. మగ్గానికి దారం సిద్ధం చేసే ఆసు పోయడం నేర్పుతానన్నాను. వద్దంది, దారం తెగితే మా ఆయన చీర పాడవుతుందంది. అన్నం వండమంటే బియ్యం కడిగి, ఎసరు సరిపోయిందా అని నన్ను పిలిచి చూపిస్తుంది. పొయ్యి నన్నే వెలిగించమంటుంది. షెడ్డు నిండా పురుగుల చేత ఒంటిచేత్తో గూళ్లు కట్టించిన మనిషి, ఎసరు ఎంతో నన్ను అడుగుతోంది.

మొన్న మధ్యాహ్నం ఉక్కపోతగా ఉంటే చూశాను. చెమటలు కారుతుంటే స్విచ్చిబోర్డు కింద నిలబడి ఉంది, చెయ్యి సగం ఎత్తి.

"ఫ్యాను ఎయ్యచ్చునా పాపా? ఏమీ కాదు కదా?"

ఏమీ కాదమ్మా, వెయ్యి అన్నాను. ఇంకోసారి కూడా అన్నాను. అమ్మ చెయ్యి దించేసి పక్కకు జరిగింది. నేనే లేచి వేశాను.