శుక్రవారం నాటి చప్పుడు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నానో లేదో, మా అక్క కొడుకు ఫోను పట్టుకొని ఎదురొచ్చాడు. ఊరవతల పూర్ణలోని గోదాముల్లో వాడికి ఉద్యోగం, మిగిలిన పొద్దంతా గిటారే లోకం. పోయినేడు ప్రభువు దగ్గరికి వెళ్లిన మా బావ, అంటే వాళ్ల నాన్న, పడుచుతనంలో పాడిన క్యాసెట్టును వాడు ఫోనులో లోకమంతా వినేలా ఎక్కించాడట. దాని కింద ముఖాలు తెలియని మనుషులెందరో జగడాలాడుకుంటున్నారట. వాళ్లందరూ ఏకమయ్యేది ఒక్కచోటే, రెండో వైపు పాటల వెనక అప్పుడప్పుడు టక్‌మనే ఆ చప్పుడు దగ్గర. "మామా, గది ఏ సాంచాది? మా కొత్త పాటలల్ల గూడ గదే వెట్టుమంటుండ్రు పబ్లిక్" అన్నాడు. వయసంతా సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య గడిపి, నేసిన బట్టతో పాటు చెవులను కూడా సేఠ్‌కే అప్పజెప్పి వచ్చినవాణ్ణి నేను. నన్ను చప్పుళ్ల సంగతి అడగడమంటే బోడివాణ్ణి దువ్వెన అడిగినట్టే. కానీ ఆ ఒక్క చప్పుడుకు నాకు చెవులతో పనిలేదు.

మన ఈడువాళ్లకు క్యాసెట్టు రెండు వైపులూ గుర్తుండే ఉంటాయి. బావా, అతని ఇద్దరు స్నేహితులూ చర్చిలో గిటారు నేర్చుకొని, కీర్తనలతో చేతులు ఊరుకోక, తమది రాక్ బ్యాండు అని పేరు పెట్టుకున్నారు. క్యాసెట్టు ‘ఏ’ వైపు పాటలు బొంబాయి అంధేరీలో ఒక స్టూడియో అద్దెకు తీసుకొని పాడారు. అక్కడితో చేతిలో ఉన్నది అయిపోయింది కనుక ‘బీ’ వైపు పాటలను మా భివండీ గైబీ నగర్‌లో తాము పనిచేసే కార్ఖానా మేడమీద, నూలు బస్తాల గదిలో, ఒక సెలవునాడు బ్యాటరీ టేపురికార్డరు ముందు పెట్టుకొని పాడేశారు. అందుకే మేము ఏ అంటే అంధేరీ, బీ అంటే భివండీ అనేవాళ్లం. షిఫ్టు మారే వేళ చాయ్ బండి దగ్గర ఈ రెండు వర్గాలకూ రోజూ యుద్ధమే.

అంధేరీ వర్గానికి మా అన్న పెద్ద. "పాటంటే ఇస్త్రీ అంగీ లెక్క ఉండాలె. మీ భివండీ పాటలు ఉత్త కోరా బట్ట, గంజి గూడ పోలే" అనేవాడు. "కోరా బట్టనే నయమే అన్నా, కాలేది ఇస్త్రీ అంగీలే గదా" అని నేను అందుకునేవాణ్ణి. మా వర్గానికి ప్రాణం ఆ టక్ అనే చప్పుడే. తాళానికి కుదరదు, చరణానికొకసారి ఎక్కడో ఒకచోట పడుతుంది, పడినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. అది మన సాంచానే, మన బతుకే పాటలో పలుకుతున్నదని పొంగిపోయేవాళ్లం. సాంచాల మధ్య పెరిగినవాడికి లోకంలో ఏ చప్పుడైనా సాంచాదే కదా! చివరికి మేమే గెలిచాం. రెండో క్యాసెట్టు మొత్తం ఆ మేడమీదే, మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టుకొని పాడతానని బావ మాటిచ్చాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బావ మా ఇంట్లోనే ఉన్నాడు, టేపులో పాట నడుస్తున్నది. శుక్రవారం భివండీలో సాంచాలకు కరెంటు రాదు, వారమంతా ఉరిమే ఊరు ఆ ఒక్కరోజు ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. బియ్యం ఏరుతున్న మా అమ్మ చేయి ఉన్నట్టుండి ఆగింది.

"గీ పాట ఏ దినం టేపుల వట్టిండ్రు బిడ్డా?"

"శుక్రారమే అత్తమ్మా. వేరే దినం మా గొంతు మాకే ఇనరాదు గదా."

"మరి శుక్రారం నాడు ఏ సాంచా నడిచింది?"

బావా నేనూ పరుగున వెళ్లి, మేడమీద నూలు బస్తాలు ఒక్కొక్కటే పక్కకు లాగాం. వాటి కింద నేల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా విచ్చుకొని ఉంది, నా అరచేయి నిలువునా దూరింది. మేము చూస్తుండగానే కాళ్ల కింద ఒకసారి టక్‌మన్నది. ఎవరినో నిద్ర లేపుతామేమోనన్నంత మెల్లగా మెట్లు దిగి వచ్చాం.

సేఠ్ బస్తాలు దింపించి, కింద ఆసరాగా ఇనుప గడ్డర్లు నిలబెట్టించి, మేడకు తాళం వేశాడు. కార్ఖానా మూతపడితే మన పొయ్యిలో పిల్లి లేవదని మమ్మల్ని నోరు మూసుకోమన్నాడు, మూసుకున్నాం. రెండో క్యాసెట్టు చర్చి హాల్లో పాడారు. పాటల్లో ప్రాణం పోయిందన్నారు జనం. పోకుండా మిగిలినవి మా ప్రాణాలేనని వాళ్లకు ఎలా చెప్పేది? క్రమంగా చాయ్ బండి దగ్గర వేరే మాటలొచ్చాయి, బావ గిటారు గోడకెక్కింది.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. ఓపికగా విని నవ్వాడు. "గన్నేండ్ల సంది మేడ నిలవడే ఉన్నది గదా మామా! తాళంచెవి దొరికింది, మొన్న శుక్రారం మేం గూడ పోయి గా చప్పుడు వట్టుకొచ్చినం" అంటూ కాస్త వినబడే చెవికి ఫోను ఆనించాడు. బావ పాటలో చరణానికొకసారి పడిన చప్పుడు, వీడి పాటలో మాట మాటకూ పడుతున్నది. కింద గడ్డర్లు ఎట్లున్నాయిరా అని అడిగాను.

"ఏ గడ్డర్లు?" అన్నాడు.

కార్ఖానా మూతపడ్డాక సాంచాలతో పాటు అవీ పాత ఇనుములో పోయినట్టున్నాయి. వచ్చే శుక్రవారం అభిమానులను కూడా పిలిచారట, పైన అందరికీ చోటు సరిపోతుందట.

అప్పట్లో మా బ్యాండును వినేవాళ్లు ఒక చాయ్ బండి చుట్టూ పట్టేవాళ్లు, అయినా ఏ దినమని అడగడానికి ఇంట్లో ఒక మనిషి ఉండేది. ఇప్పుడు వినేవాళ్లకు లెక్కలేదు, వాళ్లు ఉండే ఊళ్లలో శుక్రవారానికీ శనివారానికీ తేడా లేదు. నేను మాత్రం ఆ శుక్రవారం పొద్దున్నే వెళ్లి మేడమెట్ల మీద అడ్డంగా కూర్చుంటాను, మెట్లెక్కనివ్వని మోకాళ్లు కూర్చోనైనా ఇస్తాయి. చప్పుడు నాకు వినబడకపోవచ్చు. అరచేయి గోడకు ఆనించి ఉంచుతాను.