కొమురమ్మ శోకానికి పంచాయితీ లేదు

కొమురమ్మకు ఏడవడం అలవాటు. మామూలు ఏడుపు కాదు. చావింట్లో ఏడ్చినట్టు, కొంగు తలమీదికి లాక్కుని, గడప ముందు చతికిలబడి, రాగం తీసి మరీ. దానికి మనిషే పోవాలన్న నియమం లేదు. కోడి పోయినా ఏడుస్తుంది, ఏరిన పత్తి తడిసినా ఏడుస్తుంది. నర్మెట్టలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన రోజు దాని గద్దె పక్కన కూర్చుని, "నువ్వుంటే మా వాడకు ఎలుగుంటుండె కొడుకా..." అని ఎత్తుకునేసరికి, బాగుచేయడానికి వచ్చిన లైన్‌మన్ తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

లచ్చయ్య బోరు మోటరు కాలినప్పుడూ అంతే.

"ఏందక్కా గిది? వైండింగ్ జేపిస్తే మల్ల నడుస్తది," అన్నాడు లచ్చయ్య.

"నడిస్తే నడవనియ్యి. నన్నైతే ఏడ్వనియ్యి."

వార్డు మెంబరుగా వీరస్వామి ఓడిపోయిన రోజు మాత్రం ఊరికి చెమటలు పట్టాయి. "ఇంటింటికి కోడి పంచితివి కొడుకా... నమిలిన నోర్లు ఈన్నే ఉండె, ఓటేసిన వేళ్లు ఏడవోయె కొడుకా..." అని ఆమె ఏడుస్తుంటే, కోడి తిన్నవాళ్లంతా చుట్టూ నిలబడి తల వంచుకుని విన్నారు. ఏం చేస్తారు? శోకానికి అడ్డుపడకూడదు. శోకంలో అన్న మాటకు పంచాయితీ పెట్టకూడదు. అది అక్కడి కట్టుబాటు.

ఇలాంటి మనిషి పక్కింట్లో ఉండగా రేణుకకు నీట్‌లో మార్కులు తక్కువొచ్చాయి.

తక్కువంటే మొదటిసారికన్నా తక్కువ. మధ్యలో ఏడాదిపాటు హైదరాబాద్‌లో లాంగ్‌టర్మ్ కోచింగ్. మంచం మీద మంచం, గోడనిండా ర్యాంకులు, పళ్లు తోముకుంటూ కూడా బిట్లు. ఆ ఏడాదిలో ఆమె బాగా నేర్చుకున్నది ఒక్కటే, పక్క మంచానికి వినపడకుండా ఏడవడం.

తండ్రి కృపాకర్ జనగామకు ఆటో నడుపుతాడు. బిడ్డ ఇంటర్‌లో చేరగానే ఆటో వెనక "డా. రేణుక, ఎంబీబీఎస్" అని రాయించాడు. ఎక్కినవాళ్లు దవాఖాన ఎక్కడని అడిగితే, "వస్తది, జర ఆగుండ్రి," అనేవాడు. వాడకట్టులోని ముసలమ్మలు అప్పటినుంచే రేణుకకు మోకాళ్లు చూపించేవాళ్లు. ఫలితాలొచ్చాక ఒక్కరూ చూపించలేదు. ఆ రోజుతో ఊళ్లో మోకాళ్ల నొప్పులన్నీ పోయినట్టున్నాయి.

కృపాకర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తుడిచిన ఆటోనే మళ్లీ తుడిచి ఒక్క మాటన్నాడు. "ఇంకో ఏడాది పోతవ్."

సాయంత్రం వెనక గోడ దగ్గర, వరసకు అత్తయ్యే కొమురమ్మ అడిగింది. "ఇప్పుడేం జేస్తవే కోడలా?"

"నేనేం జేస్త అత్తమ్మా? మల్ల గా హాస్టల్ల పడేస్తరు. నాకొద్దు. మానుకోట పోయి నర్సింగ్ జేస్త. ఎంసెట్ ర్యాంకుకు సీటొస్తదంటున్నరు."

"మీ బాపుకు జెప్పినవా?"

"చెప్తే? డాక్టరని రాపిచ్చి నర్సని దిద్దాల్నా అంటడు. నువ్వన్న జెప్పరాదు?"

"నాకు మాట్లాడుడు ఏడొస్తదే!" అని కొమురమ్మ వక్క నోట్లో వేసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఈమె కూడా ఇంతే అనుకుంది రేణుక.

ఆదివారం చర్చి అయ్యాక మరిపెడ నుంచి బాబాయి జగన్, పిన్ని శారద పలకరించడానికి వచ్చారు. రొట్టె ప్యాకెట్, ఆపిల్ పండ్లు కూడా తెచ్చారు, జ్వరమొచ్చిన మనిషికి తెచ్చినట్టు.

"ఎన్నొచ్చినయి బిడ్డా?" అన్నాడు జగన్. ఎన్నొచ్చాయో ఆయన అప్పటికే మరిపెడ అంతా చెప్పి వచ్చాడు.

రేణుక మళ్లీ చెప్పింది.

"మా పిల్లగాడైతే ఫోన్ ముట్టడు. అన్నా, ఇంకో ఏడాది తోలు. లేకుంటే నలుగుట్ల పరువు పోతది."

శారద చాయ్ గుటక వేసింది. "చాయ్ మంచిగ వెట్టింది. పోనీలే, ఏదో ఒకటన్న వచ్చు పిల్లకు."

రేణుక తల్లి సుజాత మొహం తిప్పుకుంది. కృపాకర్ నేలకేసి చూశాడు. ఆ మాట మింగడమే రేణుకకు ఆ ఏడాది సిలబస్‌లో చివరి పాఠం అనిపించింది.

అప్పుడే గడపలో కొమురమ్మ కనిపించింది. కొంగు తలమీద ఉంది. ఉన్న పరువు కాస్తా ఇప్పుడు పోతుంది అనుకుంది రేణుక.

"ఓ నా కోడలా... బంగారి కోడలా... పట్నం బోయినప్పుడు బొద్దుగుంటివి, వచ్చినప్పుడు బొక్కలాయెనే..."

వాడకట్టంతా వాకిట్లోకి వచ్చింది.

"ఆటో మీద రాసినంత అల్కనా తమ్మీ... డాకుటరు సదువూ..."

కృపాకర్ లేవబోయాడు. సుజాత చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"రొట్టె దెచ్చిరి, పండ్లు దెచ్చిరి... పానం ఉండంగనే పిల్లను పలకరియ్యొచ్చిరి కొడుకా..."

జగన్ కొరకబోయిన ఆపిల్‌ను చేతిలోనే ఉంచుకున్నాడు.

"మానుకోట బోత అంటదే... నర్సు సదువు సదువుత అంటదే... కన్నతండ్రికి జెప్ప భయమాయె, ఎనక గోడకు జెప్పుకునె కొడుకా..."

కృపాకర్ బిడ్డ వైపు తిరిగాడు. ఫలితాలొచ్చాక ఆమె మొహం చూడటం అదే మొదలు.

"నిజమేనా?"

"నిజమే బాపూ. గా హాస్టల్‌కు పోను. నాతోని కాదు."

ఆయన గడప వైపు తిరిగాడు. "అక్కా, అయిందా?" అన్నాడు.

"ఏడయింది తమ్మీ? నువ్వేమంటవో ఇని, మిగిలింది ఏడుస్త."

కృపాకర్ వాకిట్లోకి చూశాడు. పిల్లలు ప్రహరీ ఎక్కి కూర్చున్నారు. "సరే, మానుకోటకే పోనియ్యి. పిల్ల బక్కగయింది, నిజమే. నేనే సూడలె," అని కొమురమ్మకు దండం పెట్టాడు. "ఇగ బంద్ జెయ్యే తల్లీ!"

కొమురమ్మ కొంగు తీసేసింది. కళ్లు ఎండబెట్టిన వడియాల్లా పొడిగా ఉన్నాయి, ఒక్క చుక్క లేదు.

"సుజాతా, చాయ్ మిగిలిందా?"

"ఏందక్కా, మమ్ముల గంత మాటన్నవు?" అన్నాడు జగన్.

"ఏడ్పుల ఏమన్ననో నాకెరుకనా తమ్మీ? మనసుల వెట్టుకోకు. గా పండు ఇటియ్యి."

సీటొచ్చింది. రేణుక మానుకోట బయలుదేరిన రోజు బస్టాండులో జనం పోగయ్యారు, సాగనంపడానికి కొందరు, శోకం వినడానికి మిగతావాళ్లు. కండక్టర్‌కు కూడా కొమురమ్మ సంగతి తెలుసు. డోరు పట్టుకుని ఆగాడు.

"అవ్వా, జర జల్ది ఏడువు. లేటయితంది."

కొమురమ్మ నోరు తెరిచింది. రాగం రాలేదు. మళ్లీ తెరిచింది. కొంగు నోట్లో కుక్కుకుని, పో పో అన్నట్టు చెయ్యి ఊపి, అటు తిరిగింది.

"ఏమాయె అవ్వకు? పానం బాగలేదా?" అన్నాడు కండక్టర్.

"బాగనే ఉన్నది. ఇయ్యాల నిజంగ ఏడుస్తంది," అంది రేణుక. నవ్వుతూ టికెట్‌కు చెయ్యి చాపింది.