గార్డు గారి గ్రాఫిక్స్ కార్డు

శౌరయ్య ముప్పై మూడేళ్లు గూడ్సు బండ్లకి గార్డుగా పనిచేశాడు. గూడ్సు గార్డంటే బండికి చిట్టచివర, పెట్టెలాంటి డబ్బాలో ఒక్కడే కూర్చునే మనిషి. ఆయనకి ముందు యాభై ఎనిమిది వ్యాగన్లు, వాటికి ముందెక్కడో ఇంజను. అన్నేళ్లలోనూ ఏ స్టేషనూ ఎదురొస్తుంటే ఆయన చూసింది లేదు. అన్నీ వెనక్కి జారిపోవడమే చూశాడు. రిటైరై, కొండపల్లిలో రైలు కట్టకి వంద గజాల దూరంలో కట్టుకున్న ఇంట్లో స్థిరపడ్డాక, బండి ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

కూతురు బ్లెస్సీ బిల్డింగు డిజైన్ల కోర్సు చదివేటప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర కొన్న పెద్ద కంప్యూటరు ఇంట్లోనే ఉంది. తెనాలిలో ఉద్యోగమొచ్చాక ఆమెకి ఆఫీసువాళ్లే వేరేది ఇచ్చారు. ఒక ఆదివారం వచ్చినప్పుడు అందులో రైలు నడిపే గేమ్ ఎక్కించి, ఏ మీట దేనికో తండ్రికి చూపించి వెళ్లింది. స్విట్జర్లాండు కొండల మధ్య గంటా పది నిమిషాల ప్రయాణం.

శౌరయ్య దాన్ని గేమ్ అనలేదు, డ్యూటీ అన్నాడు. నెలరోజులు పొద్దున పూట తలుపేసుకుని బండి కదిలించడం, ఆపడం, మళ్లీ కదిలించడం సాధన చేశాడు. ఆ తర్వాత ఒక సోమవారం ఇంట్లో ప్రకటించాడు.

"రేపు సాయంత్రం నాలుగున్నరకి బండి. చివరి స్టేషన్ దాకా వెళ్తుంది."

భార్య మార్త ఆ మాటని ఉన్నదున్నట్టే తీసుకుంది. ప్రయాణమన్నాక ఏదో ఒకటి ఉండాలని పులిహోర కలిపి డబ్బాలో సర్దింది. పక్కింటి మణెమ్మకి చెప్పింది. మణెమ్మకి డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులతో వీధి చివరి దాకా కూడా నడవలేదు. కూర్చుని వెళ్లొచ్చే ప్రయాణమంటే వెంటనే ఒప్పుకుంది. కొండపల్లి బొమ్మలు చేసే ఎదురింటి బసవయ్య నగిషీ చెయ్యాల్సిన బొమ్మలు నాలుగు సంచిలో వేసుకుని వచ్చాడు. దారిలో పని చేసుకోవచ్చని.

ప్లాస్టిక్ కుర్చీలు రెండు వరసలుగా వేశారు. సరస్సు ఎడమవైపు వస్తుందని తెలిసి మణెమ్మ ఎడమవైపు కుర్చీ పట్టింది. శౌరయ్య ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నాలుగున్నరకి తలుపు గడియ పెట్టించాడు. బండి బయల్దేరింది.

ఇరవై మూడు నిమిషాలు బాగానే గడిచింది. కొండలు, పచ్చిక, ఆవులు ఎదురొచ్చాయి. అప్పుడు తెర నల్లబడింది. చక్రాల చప్పుడు మాత్రం ఆగలేదు.

"సొరంగం," అన్నాడు బసవయ్య.

అందరూ సర్దుకుని కూర్చున్నారు. మార్త పులిహోర పంచింది. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. శౌరయ్యకి అనుమానం వచ్చింది కానీ, సీట్లో ఉన్న మనిషి కంగారుపడితే ప్రయాణికులు బెదురుతారని ఒకసారి కూత మీట నొక్కాడు. కూత వినిపించింది. అందరికీ ధైర్యం వచ్చింది.

"పెద్ద సొరంగమే తవ్వారు," అంది మణెమ్మ, చెయ్యి తుడుచుకుంటూ.

కాసేపటికి చప్పుడు కూడా ఆగిపోయి, తెర వెలిగింది. కొండల్లేవు, పట్టాల్లేవు. ఇంగ్లీషులో చిన్న పెట్టె ఒకటి కనిపించింది. శౌరయ్య కళ్లజోడు సర్దుకుని చదివి, ప్రయాణికులకి తెలుగులో చెప్పాడు.

"డిస్‌ప్లే డ్రైవరు పలకడం లేదంట."

"ఆ సీట్లో ఉంది నువ్వే కదా తమ్ముడూ," అంది మణెమ్మ.

"నేను కాదక్కా. లోపల ఇంకో డ్రైవరున్నాడంట."

మణెమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "మరయితే నెల్రోజుల్నించీ నువ్వు నడిపిందేంటి?"

శౌరయ్యకి ఆ మాట ఎక్కడో తగిలింది. పైగా డ్రైవరు పలకకపోవడం గార్డుకి చిన్న విషయం కాదు. ఆయన సర్వీసులో రెండేసార్లు అలా జరిగింది. రెండుసార్లూ చేతిలో దీపం పట్టుకుని, కంకర మీద ముప్పావు కిలోమీటరు నడిచి ఇంజను దగ్గరికి వెళ్లాడు. ఇక్కడ నడిచేందుకు దారి లేదు. అలమరలోంచి నోటుబుక్కు తీసి, తేదీ వేసి రాసుకున్నాడు: 4.53, తెర నల్లబడినది.

మర్నాడు కంప్యూటరు కొన్న షాపుకి ఫోను చేశాడు. అక్కడ రిపేర్లు చూసే రుచిత నెమ్మదైన పిల్ల. అంతా విని చెప్పింది.

"డ్రైవర్ని తీసేసి కొత్తది వేద్దాం సార్."

"విచారణ ఏమీ లేకుండానా?"

"డ్రైవర్ అంటే మనిషి కాదు సార్. గ్రాఫిక్స్ కార్డుని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్. ఆ కార్డు వల్లే తెర మీద బొమ్మ వస్తుంది."

"అర్థమైందమ్మా. అయినా ఐదేళ్ల సర్వీసున్నవాడు కదా."

ఆమె ఫోనులో చెబుతుంటే ఆయన ఒక్కొక్కటే నొక్కి, పాత డ్రైవర్ని తీసి కొత్తది వేశాడు. ఆ సాయంత్రం ప్రయాణికులందరూ మళ్లీ వచ్చారు. బయల్దేరినవాళ్లం చేరకుండా ఎలా ఉంటామని బసవయ్య అన్నాడు. కొత్త డ్రైవరు పదకొండు నిమిషాలకే చేతులెత్తేశాడు.

"అయితే పాతదే నయం సార్. వెనక్కి తెచ్చేద్దాం," అంది రుచిత.

పాత డ్రైవర్ని మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారని శౌరయ్య ఇంట్లో చెప్పినప్పుడు మార్త, "పోనీలే పాపం," అంది. ఆ పాపం గలవాడు కూడా నాలుగూ యాభైకే ఆగిపోయాడు.

ఇక కంప్యూటర్నే షాపుకి తీసుకెళ్లారు. తువ్వాలు చుట్టి, ఆటోలో శౌరయ్య ఒళ్లో పెట్టుకున్నాడు. రుచిత దాన్ని బల్ల మీద పక్కకి పడుకోబెట్టి విప్పింది. దుమ్ము ఊదేసింది. కార్డు బయటికి తీసి, ఫ్యాన్లు తుడిచి, వేడి లాగే పేస్టు కొత్తది రాసింది. వైరు మార్చింది. నాలుగు గంటలపాటు బరువైన పరీక్ష పెట్టింది. తెర ఒక్కసారి కూడా ఆరలేదు. ఇంటికి తెచ్చి నిలబెట్టి, నాలుగున్నరకి బండి తీస్తే, నాలుగూ నలభై ఏడుకి చీకటి.

మూడుసార్లు షాపుకి తీసుకెళ్లారు, మూడుసార్లు తెచ్చారు. రుచిత లోపల కరెంటిచ్చే పెట్టె మార్చి చూసింది, మెమరీ మార్చి చూసింది. షాపులో ఎప్పుడూ బాగానే ఉంది.

"ఇక్కడికొస్తే దీనికి ఏ జబ్బూ లేదు సార్," అంది.

"ఆస్పత్రి మెట్లెక్కగానే నొప్పి తగ్గినట్టుంది," అంది మార్త.

దిష్టి అయ్యుంటుందని మణెమ్మ నిమ్మకాయ కట్టబోయింది. మార్త, అంతకంటే ఫాదరు గారిని పిలుద్దామంది. ఫాదరు గారు దీవించిన నీళ్లతో వచ్చారు. కరెంటు వస్తువు మీద నీళ్లు పడటానికి వీల్లేదని శౌరయ్య గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. కాసేపు మాట్లాడుకున్నాక, ఫాదరు గారు నీళ్ల సీసా మార్త చేతికిచ్చి, గుమ్మం అవతలినుంచే పొడి ప్రార్థన చేసి వెళ్లారు. ఆ రోజు బండి ముప్పై ఒక్క నిమిషాలు నడిచింది. అదివరకెన్నడూ అంత దూరం వెళ్లలేదు. సరస్సు మొదలు కనిపించిందని మణెమ్మ చాలా తృప్తిపడింది.

అసలు సంగతి బయటపెట్టింది కూడా ఆవిడే. శౌరయ్యకి ఒక అలవాటుంది. బయట కట్ట మీద గూడ్సు వెళ్తే, చప్పుడు విని, తనకి తెలియకుండానే "లోడు" అనో "ఖాళీ" అనో గొణుగుతాడు. థర్మల్ స్టేషనుకి బొగ్గు తీసుకెళ్లే బండయితే లోడు, దింపి తిరిగొస్తుంటే ఖాళీ. మార్త చెవులకి ఆ మాటలు ఎప్పుడో వినిపించడం మానేశాయి. వెనక కూర్చున్న మణెమ్మకి మాత్రం తెర ఆరిపోయాక వినడం తప్ప పనేమీ ఉండేది కాదు.

"తమ్ముడూ, నువ్వు లోడు అన్నప్పుడల్లా ఈ బండి చస్తోంది. ఆ మాట అనకుండా ఉండరాదూ?"

శౌరయ్య దాన్ని కొట్టిపారెయ్యలేదు. మర్నాడు తువ్వాలు నోటికి అడ్డం కట్టుకుని డ్యూటీ ఎక్కాడు. గూడ్సు వెళ్లింది. మాట రాలేదు. తెర ఆరిపోయింది. ఆ మర్నాడు గూడ్సేదీ లేనప్పుడు, కావాలని గట్టిగా "లోడు, లోడు, లోడు" అన్నాడు. తెరకేమీ కాలేదు. మాట మీద నింద పోయింది.

మిగిలింది బండి. బసవయ్యని డాబా మీద కూర్చోబెట్టి, లోడు బండి వస్తే ఎర్రగుడ్డ, ఖాళీ బండి వస్తే పచ్చగుడ్డ ఊపమన్నాడు. వ్యాగన్లలో బొగ్గుందో లేదో పైనుంచి తేలిగ్గా తెలుస్తుంది. మార్త పెరట్లో నిలబడి ఆ గుడ్డలు చూసి లోపలికి కేక వేసింది. నాలుగు రోజులు రాసి చూస్తే, పచ్చగుడ్డకి ఒక్కసారి కూడా ఆగలేదు. ఎర్రగుడ్డకి ప్రతిసారీ ఆగింది. నోటుబుక్కులో పాత టైములన్నీ బొగ్గు బండ్ల టైములే. పొద్దున పూట అవి రావు గనకే సాధనలో ఎప్పుడూ ఆగలేదు.

ఆయన రుచితకి ఫోను చేశాడు. "బయట లోడు బండి వెళ్తుంటే లోపల బండి ఆగిపోతోందమ్మా."

"సిగ్నల్ సమస్యా సార్?"

"కాదమ్మా. బరువు."

రుచిత ఆదివారం స్కూటీ వేసుకుని స్వయంగా వచ్చింది. కంప్యూటరు పక్క రేకు విప్పి, నేల మీద బోర్లా పడుకుని, టార్చి వేసి, ఫోనులో వీడియో పెట్టింది. అందరూ లోడు బండి కోసం ఎదురుచూశారు. అది వచ్చింది. నేల సన్నగా అదిరింది. మార్త అలమరలో గాజుగ్లాసులు ఒకదాన్నొకటి తాకాయి. రుచిత వీడియోని నెమ్మదిగా నడిపి చూపించింది.

"చూడండి సార్, తలూపుతోంది."

కార్డు అడ్డంగా ఉంది. బరువైన కార్డు, రెండు ఫ్యాన్లు. ఒక చివర స్క్రూలతో బిగించి ఉంది, రెండో చివర గాల్లో వేలాడుతోంది. ఐదేళ్లకి ఆ చివర కిందికి వాలింది. నేల అదిరినప్పుడు అది ఊగి, కింద గాడిలో ఉన్న కాంటాక్టు ఒక్క క్షణం వదులవుతోంది. షాపులో కంప్యూటర్ని పడుకోబెట్టి చూడటం వల్ల కార్డు నిటారుగా నిలబడి, వేలాడే అవసరమే లేకపోయింది.

"ఇన్నిసార్లు విప్పి కూడా నేను చూడలేదు సార్. సారీ," అంది రుచిత.

"నువ్వు బండికి ముందు చూశావమ్మా. ఇది వెనకాల ఉంది," అన్నాడు శౌరయ్య. కార్డుకి ముందేదో వెనకేదో ఆమెకి తెలియలేదు గానీ తలూపింది.

కింద ఏదైనా ఊత పెడితే చాలని ఆమె చెప్పింది. బసవయ్య పుల్లతో ఎత్తు కొలుచుకుని ఇంటికి వెళ్లి, బుట్టెడు బొమ్మలతో తిరిగొచ్చాడు. అంబారీ ఏనుగుని పెట్టి చూశారు, ఎత్తు ఎక్కువైంది. ఎడ్లబండి మరీ కురచ. దశావతారాల్లో ఒకాయన సరిపోయేవాడు కానీ, దేవుడి నెత్తిన అంత వేడి వస్తువు పెట్టడానికి బసవయ్య ఒప్పుకోలేదు. చివరికి కల్లుగీసే మనిషి ఎక్కుతున్న తాటిచెట్టు అచ్చంగా సరిపోయింది. కరెంటు వేయగానే తాటాకులు ఫ్యానుకి తగిలి, పచ్చరంగు పొట్టు గదంతా ఎగిరింది. మణెమ్మ చీర మీద కూడా పడింది.

బసవయ్య ఏమీ అనకుండా కత్తి తీసి, ఆకులన్నీ కోసేసి, మొండి చెట్టుని మళ్లీ నిలబెట్టాడు. కల్లుగీసే మనిషి నడుముకి మోకు కట్టుకుని, ఆకుల్లేని చెట్టు మీద, సరిగ్గా కార్డు కింద ఆగి ఉన్నాడు. రుచిత ఫోటో తీసుకుంది.

"షాపులో చెప్తే నమ్మరు," అంది.

నాలుగున్నర అవుతోంది. ఆమె కూడా ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. మార్త గడియ పెట్టింది.

నాలుగూ యాభైకి కట్ట మీద చప్పుడు మొదలైంది. శౌరయ్య వెన్ను నిటారైంది. "లోడు," అన్నాడు పైకే. గాజుగ్లాసులు మోగాయి, కిటికీ రెక్క అదిరింది. బసవయ్య చేతిలో ఉలి ఆగిపోయింది. తెర మీద ఆవులు, పచ్చిక, వంతెన అలాగే ఎదురొస్తూ ఉన్నాయి. చివరి వ్యాగను చప్పుడు దూరమయ్యేదాకా ఎవరూ కదల్లేదు. అప్పుడు మార్త డబ్బా మూత తీసింది.

సరస్సు వచ్చింది. ఎడమవైపే వచ్చింది. మణెమ్మ చూసినంతసేపూ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉంది, రంగు పొట్టు పడిందని చెప్పింది. ఆరుకి ఇరవై నిమిషాలుండగా చివరి స్టేషను ఎదురొచ్చింది. మొదట చుక్కలా, తర్వాత కప్పులా, తర్వాత ప్లాట్‌ఫారం మీద గొడుగు పట్టుకున్న ఒక బొమ్మ మనిషిలా. శౌరయ్య బ్రేకు వేస్తూ, ఆ మనిషి దగ్గరికొచ్చేదాకా రెప్ప వెయ్యలేదు. బండి ఆగింది.

తెర మీద మార్కులు వచ్చాయి. రుచిత చదివింది. "టైమ్ పాటించడం అరవై రెండు. బ్రేకులు యాభై. ప్రయాణికుల సుఖం నూటికి ముప్పై ఎనిమిది."

"ఎవర్నడిగి వేశారు ముప్పై ఎనిమిది?" అంది మణెమ్మ. "నన్నెవరూ అడగలేదే."

"కుర్చీ గట్టిగానే ఉందిలెండి," అన్నాడు బసవయ్య, నిజాయితీపరుడు.

శౌరయ్య ఆ అంకెలు చూడనే లేదు. గొడుగు మనిషినే చూస్తున్నాడు.

మార్త గడియ తీసింది. బసవయ్య సంచి సర్దుకున్నాడు. మణెమ్మ మాత్రం లేవలేదు.

"తిరుగు బండి ఎన్నింటికి తమ్ముడూ?"

ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. రుచిత గేమ్ అంతా వెతికి చూసింది. వెళ్లే దారే ఉంది, తిరిగొచ్చే దారి ఇంటర్నెట్‌లోంచి విడిగా దింపుకోవాలి.

"మరి నేను ఇంటికెలా పోవాలి?"

"మీ ఇల్లు గోడ అవతలే కదా వదినా," అంది మార్త.

"అది తెలుసు. ఇంతదూరం బండిలో వచ్చి, నడిచి పొమ్మంటారా?"

రుచిత ఆవిడ మోకాళ్ల వంక చూసి, మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుని తిరుగుదారి దింపడం మొదలుపెట్టింది. నలభై నిమిషాలు పడుతుందని చూపించింది. మార్త టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. బసవయ్య సంచిలోంచి బొమ్మ మళ్లీ బయటికి తీశాడు. మణెమ్మ లేచి, వచ్చేటప్పుడు సరస్సు కుడివైపు ఉంటుందని, కుర్చీ కుడివైపుకి జరుపుకుని కూర్చుంది.