కవచం వద్దన్న రాజు

ఆ ఆదివారం మధ్యాహ్నం సూరత్‌లో, పాండేసరలోని మా సొసైటీ హాల్లో ఉన్న వస్తువులు: ఒక హార్మోనియం, ఒక మద్దెల, ఒక చెక్క కత్తి, అట్టకు వెండిరంగు కాగితం అంటించి చేసిన కవచం. ఉన్న మనుషులు: రాజు వేషం వేసే మా మామ, రాణి వేషం వేసే రంగుల మిల్లు కార్మికుడు, నాటకం నేర్పే పెద్దాయన, హార్మోనియం, మద్దెల వాయించే ఇద్దరు, చూడవచ్చిన అత్త, తెర వెనక నిలబడి మాటలు అందించే నేను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చినప్పటి నుంచి పవర్‌లూమ్ నడుపుతున్నాడు. ఏటా మావాళ్లు వేసే నాటకంలో రాజు వేషం ఆయనదే. యుద్ధంలో చస్తాడని ఆ రాజుకు పుట్టినప్పుడే జోస్యం చెప్పి ఉంటారు. యుద్ధానికి బయలుదేరేటప్పుడు రాణి కవచం తెస్తే, ఆయన వద్దంటాడు. "రాసి ఉంటే కవచం ఆపదు. రాసి లేకుంటే కవచంతో పని లేదు."

ఈ లెక్క నాకు ఎప్పుడూ కుదరలేదు. ఒకసారి అడిగాను.

"మామా, యుద్ధంల చస్తవన్నరు గని, కవచం ఇడిశిపెట్టి పొమ్మన్లేదు గద?"

"ఇడిశిపెట్టుడు గూడ రాసే ఉంటది. ఇంజనీరువైనవ్ గని అల్లుడా, రాజువు గాలే."

రాజును చంపింది జోస్యం కాదు, దాన్ని నమ్మి ఆయన చేసిన పని. నా వాదన అంతే. కానీ ఆ నమ్మకం తీసేస్తే, ఒట్టి ఛాతీతో అంత నిదానంగా నడిచి వెళ్లే మనిషి కూడా మిగలడు. మామ నడక చూశాక ఈ రెండో సంగతి కూడా ఒప్పుకున్నాను.

ఆ రోజు రాణి అటు తిరిగి ఏడుస్తూ తన మాట చెప్పింది. మామ పలకలేదు. తెర వెనక నుంచి నేను అందించాను. పలకలేదు. అరిచాను. మద్దెల ఆగింది.

"ఏంది, అందరు ఆగిర్రు?" అన్నాడు మామ.

అప్పుడు తెలిసింది. మగ్గాల షెడ్డులో మోతకు ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరూ పెదవులు చూసి మాట పట్టుకుంటారు, మిగతాది చేతులతో చెప్పుకుంటారు. అందుకే మామ చెవులు పోతున్న సంగతి అక్కడ ఎవరూ కనిపెట్టలేదు. ఇంట్లో అత్త కూడా.

"ఇన్నేండ్లు నా మొకం దిక్కే జూస్కుంట మాట్లాడితే ప్రేమనుకున్న," అంది అత్త.

ఈ ఏడు రాజు వేషం ఇంకొకరికి ఇద్దామన్నాడు పెద్దాయన. మామ కత్తి కింద పెట్టేశాడు.

"చెవులు పోవుడు మగ్గపోని రాత. ఇయ్యి, ఎవనికన్న ఇయ్యి."

దవాఖానకు పోదాం మామా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. అత్త లేచి వచ్చి ఆయన గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది.

"రాజు సస్తేనే నాటకం అయిపోతది గనక ఆయన కవచం ఇడిశిండు. నీకేం తొందర? చెవి మిషన్ గూడ నీ రాతల రాసుందేమో, పోయి జూడు జర!"

హార్మోనియం వాయించే ఆయన మొదట నవ్వాడు. ఆఖరికి మామ. మిషన్ పెట్టుకుని వస్తే వేషం నీదేనని పెద్దాయన మాటిచ్చాడు.

ఆ వారమే తెలుగు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా వేలెత్తమంది. మామ ఒక్కటీ వదల్లేదు. ఆమె కాగితం చూసి, మామను చూసి, మళ్లీ కాగితం చూసింది. అద్దంలోంచి ఆయన ఆమె చెయ్యి బటన్ మీద ఎప్పుడు పడుతుందో చూస్తూ వేలెత్తుతున్నాడు. కుర్చీ గోడవైపు తిప్పింది.

"గోడ దిక్కు కూసుంటె నువ్వేం జేస్తున్నవో నాకెట్ల తెలుస్తదమ్మా?" అన్నాడు మామ, ఎంతో మర్యాదగా.

రెండు చెవులకూ మిషన్లు పెట్టుకోవడానికి ఒప్పుకుని బయటికి వచ్చాడు. చెవులు బాగున్న మనిషికి వినికిడి లోపం ఇరవై ఐదు డెసిబెల్స్ దాటదు. మామ కాగితంలో రాసి ఉన్నది కుడి చెవికి డెబ్బై, ఎడమ చెవికి అరవై ఐదు.