చైనా దారం, మా ఇంటి తాలింపు

మొన్న మదనపల్లెలో చీరల అంగడిలో కూర్చుని ఉండగా, గోడమీది టీవీలో పొరుగు దేశాలతో మన సంబంధాల గురించి నలుగురు పెద్దమనుషులు అరుచుకుంటుంటే, అంగడి ఆయన విసుక్కుని, ఢిల్లీ గొడవలు మనకెందుకంటూ ఛానల్ మార్చేశాడు. నాకు ఒళ్లు మండింది. చీర కొనకుండానే వచ్చేశాను.

తొంభైల్లో పెద్దపంజాణి దగ్గర మా అత్తగారింట్లో పట్టుపురుగుల మేతకు రెండెకరాల మల్బరీ తోట ఉండేది. మీలో పట్టుపురుగులు మేపిన ఇళ్లవాళ్లకు చెప్పనక్కరలేదు, పురుగులు ఇంట్లో ఉన్నన్నాళ్లూ పరాయి మనిషి గడప దాటకూడదు, తలకు వాసన నూనె పెట్టకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా పొయ్యిమీద తాలింపు చిటపటలాడకూడదు, ఆ ఘాటుకు పురుగు చెడిపోతుందని. కొత్త కోడలినైనా అన్నీ పాటించాను, ఒక్కనాడు తప్ప. కడుపుతో ఉండి చప్పిడి పప్పు సయించక, అత్త తోటకు పోయినప్పుడు రెండు ఎండుమిరపకాయలు నూనెలో వేయించుకున్నాను. ఆమె తిరిగొచ్చేసరికి ఘాటు ఇంకా ఇంట్లోనే ఉంది.

పురుగులు బాగానే గూళ్లు కట్టాయి. కానీ ఆ గూళ్లను అమ్మడానికి కుప్పం తీసుకుపోయిన మామ, ముందటి పంటకు పలికిన ధరలో సగం కూడా రాక, ఇంటికొచ్చి అరుగుమీద కూలబడ్డాడు. అత్త నావైపు తిరిగింది.

"నీ తాలింపే మా కొంప ముంచింది, సూడు!"

తర్వాతి పంటలకు నేను మజ్జిగన్నంతోనే గడిపాను. ధర ఇంకా దిగింది, నింద మాత్రం నామీదే ఉండిపోయింది. రెండేళ్లకు మామ మల్బరీని వేళ్లతో సహా పెరికించి టమాటా పెట్టాడు, ఆనాటి నుంచి అత్త నాతో సరిగా మాట్లాడలేదు.

అసలు సంగతి ఆ తర్వాతెప్పుడో పుంగనూరు బస్సులో, గూళ్ల నుంచి దారం తీసే పని చేసిన ఒక పెద్దాయన నా కథ విని చెబితే తెలిసింది.

"మీ గూళ్లకేం కాలేదమ్మా. చైనా దారం సవగ్గా, తక్కువ ధరకే వచ్చి పడతా ఉండె. మా దారం కొనేవాడే లేకుంటే, మీకు ధర యాడనుంచి తెచ్చేది?"

బస్సు దిగి పరుగున ఇంటికొచ్చి చెబితే అత్త నవ్వింది.

"చైనా యాడ, మన పొయ్యి యాడ? చేసింది చేసి దేశాలమీదికి తోస్తాండావా?"

పొరుగు దేశంతో బేరసారాలు వద్దని నేననను, అవసరాలు ఉంటాయి. కానీ ఢిల్లీవాళ్లు ఆ దారాన్ని రానిచ్చే ముందు మల్బరీ పెట్టుకున్నవాళ్లను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు, వచ్చాకైనా ధర ఇందుకు పడిందని మా ఊరికొచ్చి చెప్పినవాడు లేడు. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడేం జరిగినా చేతిలోని ఫోను చెబుతోంది, ఆ రోజుల్లో అది ఉండి ఉంటే అత్తకు చూపించేదాన్నేమో. ఆ తప్పు నాది కాదని ఇప్పుడు ఎవరు చెప్పినా నాకు చాలదు, చెప్పాల్సిన మనిషి నన్ను తప్పుపడుతూనే పోయింది.