ఎనిమిది చేతుల పట్టు

నగరిలో నాటకాల తెరలు రాసే దొరస్వామి సముద్రాన్ని చూసింది లేదు. అయినా ఎవరైనా అడిగితే, సముద్రం పుట్టిన నాడు బొడ్డు కోసింది తానే అన్నట్టు చెప్పేవాడు. రంగూన్ మీద బాంబులు పడిన మరుసటి ఏడాది, ఒక నాటకాల కంపెనీవాళ్లు ఓడ మునిగే తెర కావాలన్నారు. ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలో ఓడను చుట్టేసిన ఎనిమిది చేతుల జంతువు కనబడితే, దాన్నే తాటిచెట్టంత చేసి రాసేశాడు.

మదరాసు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే కుప్పయ్య చూసి నవ్వాడు. "ఇది పేయికణవాయి గదప్పా. పేయంటే అరవంలో దయ్యం. ఆడి జాలర్లు ఈ దయ్యాన్నే పులుసు పెట్టుకోని తింటారు."

"నీది చట్టిలో పట్టేది. నాది పట్టిందంటే రంగూన్ ఓడనైనా వదల్దు," అన్నాడు దొరస్వామి మీసం దువ్వుకుంటూ.

ఆ మాట పక్కింట్లో మగ్గానికి కండెలు చుట్టే తాయమ్మ చెవిన పడింది. ఆమె మొగుడు ఎల్లప్ప రంగూన్‌లో ఓడ ఎక్కాడని కబురొచ్చింది; దిగాడని రాలేదు. ఆమె వచ్చి తెర మీది చేతులన్నీ చూసి, కింద కర్పూరం వెలిగించింది.

"అష్టభుజాల తల్లి. పట్టిన చెయ్యి వదల్దంట. మా ఆయన్ను గట్టున పెట్టేదాంకా నేను మెతుకు ముట్టను."

దొరస్వామికి మొదట నవ్వొచ్చింది. తెర ముందు నుంచి లేవని ఆమె కళ్లు గుంటలు పడ్డాక ఆ నవ్వు పోయింది.

"నీ కోతలు ఓడలు దాటె. ఇప్పుడు ఆ మనిషి పానం మీదికొచ్చె. నువ్వే ఏదో ఒకటి సెయ్," అని అతని భార్య వరలక్ష్మమ్మ గంజి చెంబు చేతిలో పెట్టింది.

"అది తల్లి గాదు తాయమ్మా, చేప," అన్నాడు దొరస్వామి.

"మత్స్యావతారం చేప గాదా అన్నా?"

ఆఖరికి అతను కుంచె తీసి, ఓడను చుట్టిన చేతుల్ని ఒక్కొక్కటిగా నీలిరంగుతో చెరిపేశాడు. నీళ్ల మీద ఓడ ఒక్కటే మిగిలింది.

"సూడు, వదిలేసింది. ఇంక తాగు."

తాయమ్మ చెంబు అందుకుని నోటిదాకా తెచ్చి ఆగింది. ఓడ చుట్టూ ఉత్త నీళ్లు.

"వదిలేసిందా," అంది. "అయితే ఇప్పుడు మా ఆయన్ను పట్టుకోనుండేది ఎవరు, అన్నా?"

ఒక్క మాట అడిగితే ఎనిమిది జవాబులు చెప్పే దొరస్వామి గబగబా నల్లరంగులో కుంచె ముంచి, ఒక్క చెయ్యయినా మళ్లీ రాయబోయాడు. కింది నీలం ఇంకా ఆరలేదు. గీసిన చెయ్యి గీసినట్టే ఓడ మీదుగా కారి, నీళ్లలో కలిసిపోయింది.

తాయమ్మ చెంబు కింద పెట్టేసింది.