ఇంటిపేరు గడి

"రేపు బడిలో మా పాపని అందరూ 'పిరికి, పిరికి' అని ఏడిపిస్తారేమోనండీ!"

"ఏడిపిస్తారు. నేనైతే మొదటి గంటలోనే మొదలుపెడతా," అంది కిటికీ లోపలి ఆవిడ, తలైనా ఎత్తకుండా.

జననాల నమోదు కార్యాలయంలో ముప్పై ఏళ్ళుగా అదే కుర్చీలో కూర్చున్న గుమస్తా ఆవిడ. వరసలో నిలబడ్డవాళ్ళు చాటుగా ముళ్ళకంప అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఏ పేరైనా సరే, సిరా పెట్టేముందు వెనకబెంచీ పోకిరి గొంతుతో హాలంతా వినపడేలా దాన్ని వెక్కిరిస్తుంది. అమ్మానాన్నలు తట్టుకుని నిలబడితేనే కలం ఎత్తుతుంది. ఆ ఉదయమే ఒక తల్లి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోవడం, ఇప్పుడు కిటికీ ముందు నిలబడ్డ పాప తండ్రి చూశాడు.

అతనిది నీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగం. సీసా మీద చీటీ తప్పయితే లోపలి నీళ్ళు ఎంత మంచివైనా ఫలితం తప్పేనని నమ్మేవాడు. పాప పుట్టి పన్నెండు రోజులైంది. ఆ పన్నెండు రోజులూ పాప ఊపిరి లెక్కపెట్టడం, 'పిరికి' అన్న తమ ఇంటిపేరు తలుచుకుని కుమిలిపోవడం, అదే పని.

"ఆ ఇంటిపేరు వద్దండీ. 'ధీర' అని రాయండి. అర్థం చూసే ఎంచాను."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. గొంతు సవరించుకుంది.

"ఓయ్ ధీరమ్మా! బల్లిని చూసి బెంచీ ఎక్కావటగా! ధైర్యం ఇంట్లో మర్చిపోయావా?"

వెనక వరస గొల్లుమంది. అతని చెవులు కాలిపోయాయి.

"ఏది రాసినా ఇంతే, బాబూ. అసలు మీకా పిరికి ఎక్కణ్ణుంచి తగులుకుంది?"

"మా ముత్తాత మిల్లులో కాపలాదారు. మంటలు లేస్తే అందరికంటే ముందు పారిపోయాడట. యజమాని కోపంతో హాజరుపట్టీలో పేరు ముందు అలా రాయించాడు. అది తాతకి, నాన్నకి, నాకు."

"నీకెవరు చెప్పారు? మీ నాన్నా?"

"ఆయన ఏనాడూ నోరు విప్పలేదు. ఐదో తరగతిలో మాస్టారు చెప్పాడు. క్లాసంతా ఒకటే నవ్వు."

"అదీ నీ రోగం!" ఆవిడ కలాన్ని బల్ల మీద విసిరికొట్టింది. మెడలోని గుర్తింపు కార్డు లాగి అద్దానికి ఆనించింది. ఇంటిపేరు గడిలో 'తెలియదు' అని ఉంది.

"నన్ను ఆస్పత్రి మెట్ల మీద వదిలేశారు. ఇదే కుర్చీలో కూర్చున్న మహానుభావుడొకడు ఆ గడిలో అలా రాశాడు. బడివాళ్ళు అదే ఇంటిపేరనుకుని ఎక్కించారు. వాళ్ళని చూసి పరీక్షలవాళ్ళు, వాళ్ళని చూసి ఈ ఆఫీసువాళ్ళు. హాజరు పిలిచిన ప్రతి పూటా నాకు పెళ్ళే."

"మరి మార్చుకోలేదేం?"

"ఫారాలన్నీ నా సొరుగులోనే ఉన్నాయి, మార్చుకోలేకనా? మార్చి ఏం రాయమంటావు? నీకు పారిపోయినవాడైనా ఒకడున్నాడు. నన్ను వదిలి పారిపోయిందెవరో నాకు తెలీదు. పెద్ద బయల్దేరాడు, ఉన్న ముత్తాతని కొట్టేయడానికి!"

అద్దం కింది నుంచి ఫారం ఇవతలికి తోసింది. "నువ్వే రాసుకో. ఏది రాసినా ముద్ర కొడతా. త్వరగా కానీ, వెనక జనం ఉన్నారు."

అతను కలం అందుకున్నాడు. చీటీ ఊడిన సీసాకి ల్యాబులో ఎవరూ మంచి పేరు వెతికి అంటించరు. పారబోస్తారు. అతను పాత ఇంటిపేరే రాశాడు.

"కన్నీళ్ళు అవతల కార్చుకో, కాగితం తడుస్తుంది," అంటూ ఆవిడ ముద్ర గుద్దింది.

పాపకి ఇప్పుడు ఐదో నెల. రోజూ స్నానం చేయిస్తూ అతను మిల్లు కథ చెబుతాడు. ముత్తాత పరుగు దగ్గరికి రాగానే పాప కాళ్ళు పట్టుకుని నీళ్ళల్లో టపటపలాడిస్తాడు. "దానికేం అర్థమవుతుందని?" అంటుంది భార్య. అర్థమయ్యేదాకా ఆగితే ఇంకెవరో ముందు చెప్పేస్తారని అతని భయం. ఆ రోజు పత్రం చేతిలో పడేస్తూ ముళ్ళకంప అన్న మాట అదే:

"దీన్ని బీరువాలో దాచకు. బడిలో ఎవడో చెప్పకముందే నువ్వే చెప్పు. రోజూ చెప్పు. దానికి విసుగొచ్చేదాకా చెప్పు. ఇక జరుగు, గాలి ఆడటం లేదు."